పాత మ్యూజియం భవనం ఫొటోలు: గోడలు లోపలికి వంగకుండా ఎలా తీయాలి?

చంపావతి:
విజయనగరంలో సున్నపు పూతతో మరమ్మతు చేసిన మ్యూజియం భవనానికి రికార్డు ఫొటోలు కావాలి. ముఖం ఉత్తరానికి ఉంది. ఎత్తు 12 మీటర్లు, వెడల్పు 20. ఎదుటి షాపుల దాకా వెనక్కి జరిగినా 14 మీటర్లే. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 18-55 ఎమ్.ఎమ్. జూమ్ లెన్స్. కెమెరా పైకెత్తితే గోడలు వాలిపోతున్నాయి, తెల్లగోడ బూడిదరంగులో పడుతోంది. లోపల అద్దాల బీరువాలు కూడా తీయాలి.

నాగావళి:
గోడలు వాలేది కెమెరా ఎత్తడం వల్లేనండి. సెన్సర్ గోడకు సమాంతరంగా ఉండాలి. 18 ఎమ్.ఎమ్. దగ్గర కెమెరా నిలువుగా తిప్పితే, లెన్స్ మట్టానికి పైన, గోడకున్న దూరంలో 65 శాతం ఎత్తు ఫ్రేములో పడుతుంది. అంటే 14 మీటర్ల నుంచి 9 మీటర్లు. కంటి మట్టం కలిపితే పదిన్నర, పైకప్పు అంచు తెగుతుంది. ఎదుటి షాపువాళ్లని అడిగి మొదటి అంతస్తు బాల్కనీలో, 5 మీటర్ల ఎత్తున స్టాండు పెట్టండి. పైనా కిందా రెండూ సరిపోతాయి. వెడల్పు ఒక్క ఫ్రేములో 12 మీటర్లే, కాబట్టి మూడోవంతు ఒకదానిమీదొకటి వచ్చేలా మూడు తీసి కలపండి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్లో ఉంచకపోతే అతుకులు కనిపిస్తాయి. ఎఫ్8 (లెన్స్ రంధ్రం), ఐఎస్ఓ 100 (సెన్సర్ సున్నితత్వం), రా ఫైలు (కెమెరా కుదించని అసలు డేటా) పెట్టుకోండి.

తెల్లగోడని కెమెరాలోని కాంతి మీటరు బూడిదరంగు అనుకుంటుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు) పెంచి హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) చూడండి, కుడి అంచుకి గుద్దుకోకూడదు.

వంశధార:
వేళ సంగతి చెప్పలేదు, అసలు పని అక్కడే ఉంది. ఉత్తరపు గోడకి అక్టోబరు నుంచి మార్చి సగం దాకా ఎండే తగలదు. సూర్యుడు భవనం వెనకుంటాడు, ఆకాశం తెల్లబోతుంది. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా పొద్దున్నే, సాయంత్రం వాలు ఎండ పడుతుంది. జూన్‌లో సూర్యోదయం తర్వాతి గంటలో గోడతో ఆ ఎండ చేసే కోణం సుమారు 25 డిగ్రీలు. సున్నపు పనిలో గీతలు, పువ్వులు అప్పుడే లేస్తాయి. చలికాలంలో తప్పదంటే, సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల్లోపు దీపాలు వేయించి తీయండి. మన దగ్గర చీకటి తొందరగా పడిపోతుంది. వైడ్ లెన్స్‌కి పోలరైజర్ (ప్రతిబింబాల మెరుపు తగ్గించే ఫిల్టర్) మాత్రం పెట్టకండి, ఆకాశం మచ్చలు మచ్చలుగా వస్తుంది.

నాగావళి:
బీరువాలకు మాత్రం పోలరైజర్ బాగుంటుంది, అద్దానికి లంబం నుంచి 55 డిగ్రీల పక్కకు నిలబడితే. ఎదురుగానే తీయాలంటే రబ్బరు హుడ్ అద్దానికి ఆనించి, వెనక నల్లగుడ్డ పట్టించండి. ఎల్ఈడీ దీపాలు మిణికి చారలు పడితే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి.

చంపావతి:
కరెంటు తీగలు చెరిపేయొచ్చా?

వంశధార:
రికార్డు ఫొటో కదా, వద్దు. పోస్టరుకైతే వేరే ఫైలులో చెరుపుకోండి.

నాగావళి:
ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటా. ఇంకోటి, ఏసీ గదిలోంచి నేరుగా బయటికి రాకండి, ఈ ఉక్కపోతకి లెన్స్ మంచు పట్టేస్తుంది. బ్యాగులో మూసి 20, 30 నిమిషాలు ఉంచాకే తీయండి.