అనుభవాన్ని సరిచూసేదెవరు? ఫినామినాలజీ పద్ధతిపై చర్చ

తార్నాక పాఠకుడు:

తత్త్వశాస్త్రం కచ్చితమైన శాస్త్రంగా మారాలని జర్మన్ తత్త్వవేత్త ఎడ్మండ్ హుస్సర్ల్ 1911లో వాదించాడు. అందుకు ఆయన చూపిన దారి ఫినామినాలజీ. లోకం నిజంగా ఉందా అన్న తీర్పును పక్కన పెట్టి (దీనినే ఆయన ఎపొఖే అన్నాడు), వస్తువులు మన ఎరుకకు ఏ తీరున గోచరిస్తున్నాయో ఉన్నదున్నట్లు వర్ణించి, ఆ వర్ణనలో మారకుండా నిలిచే స్వరూపాన్ని పట్టుకోవాలన్నది ఆ పద్ధతి సారం. నా అభ్యంతరం ఒక్కటే. ఇద్దరు దానిని నిష్ఠగా పాటించి పరస్పర విరుద్ధమైన మాటలు చెప్పినప్పుడు, ఎవరిది సరైనదో తేల్చే ఉపాయం ఆ పద్ధతిలో ఎక్కడుంది?

ఇందుకు ఉదాహరణ హుస్సర్ల్ రచనల్లోనే దొరుకుతుంది. అనుభవాలన్నిటికీ కేంద్రంగా నిలిచే శుద్ధ అహం తనకు ఏమాత్రం కనబడలేదని 1900-01 నాటి 'తార్కిక పరిశోధనలు'లో ఆయన రాశాడు. 1913లో వచ్చిన 'ఐడియాస్'లో ఆ అహమే తప్పనిసరి అయింది. అదే ఏడాది పాత గ్రంథం రెండో ముద్రణకు ఒక అధస్సూచిక చేర్చి, ఈలోగా దానిని కనుగొనడం నేర్చుకున్నానని చెప్పాడు. 1930లలో ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్ర్ అదే దారిన నడిచి, అహం చైతన్యం లోపల ఉండేది కాదని, తక్కిన వస్తువుల్లాగే చైతన్యానికి ఎదురుగా, లోకంలో కనబడేదని తేల్చాడు. ఈ ముగ్గురిలో (మొదటి హుస్సర్ల్‌ను, రెండో హుస్సర్ల్‌ను వేరుగానే లెక్కపెట్టాలి) ఎవరు సరిగా చూశారు?

నల్లకుంట అధ్యాపకురాలు:

మీ ప్రశ్న బలమైనదే. కానీ అంతకంటే పాత అభ్యంతరం ఒకటి ఉంది, దానికి హుస్సర్ల్ ఇచ్చిన సమాధానం చూడకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. వుర్జ్‌బర్గ్ మనస్తత్వవేత్తల్లో ఒకడైన హెచ్. జె. వాట్, గమనించబోతే అనుభవమే మారిపోతుంది కదా, గమనించక ముందు అది ఎలా ఉండేదో మనకెలా తెలుస్తుందని అడిగాడు. కోపం వచ్చినప్పుడు దాని వైపు మనసు తిప్పి చూడండి, చూస్తుండగానే అది చల్లారిపోతుంది. హుస్సర్ల్ దీనిని కాదనలేదు. అయితే కోపం చల్లారిందని మీకు తెలిసిందంటే, చల్లారక ముందరి కోపం కూడా ఏదో రీతిలో మీ ఎరుకలో నిలిచి ఉండాలి కదా అన్నాడు. గమనింపు అనుభవాన్ని మారుస్తుందని చెప్పేవాడు సైతం ఆ సంగతిని గమనింపు ద్వారానే తెలుసుకున్నాడు. అంటే సంశయవాది తాను కొట్టిపారేస్తున్న ఆధారం మీదే నిలబడి మాట్లాడుతున్నాడు. ఈ సమాధానం నాకు ఇప్పటికీ సరైనదిగానే తోస్తుంది.

ఇక వర్ణనలను సరిచూడలేమన్న మాటకు వస్తాను. అమెరికన్ తత్త్వవేత్త డేనియల్ డెనెట్ 1991లో రాసిన ఒక పరీక్షను మీరే ఇంట్లో చేసి చూడండి. చూపును ఎదుటి గోడ మీద ఒకచోట నిలిపి, చూడకుండా తీసిన పేకముక్కను చెయ్యి బాగా పక్కకు చాచి పట్టుకుని, మెల్లగా ముందుకు తీసుకురండి. ముక్క కదులుతోందని ముందే తెలుస్తుంది గానీ అది ఎరుపో నలుపో చెప్పలేరు. దాదాపు కంటికి ఎదురుగా వచ్చేదాకా ఏ ముక్కో తేలదు. కనుచూపు మేరంతా రంగులతో స్పష్టంగా కనిపిస్తోందని అప్పటిదాకా నమ్మినవారు తమ వర్ణనను మార్చుకుంటారు. ఓపికగా చూస్తే తప్పు బయటపడుతుంది, ఎవరు చేసినా అదే బయటపడుతుంది. సరిచూడడమంటే ఇంతకు మించి ఏమి కావాలి?

మలక్‌పేట శ్రోత:

పెద్దలిద్దరి మధ్యకు వస్తున్నందుకు మన్నించాలి. ఉన్నదున్నట్లు వర్ణించడం అన్న మొదటి మెట్టు దగ్గరే నాకు అనుమానం ఉంది. కోఠి బస్టాపులో నా పక్కన ఇద్దరు దక్కనీలో బేరమాడుకుంటుంటే నాకు శబ్దాలు వినబడవు, నేరుగా మాటలే వినబడతాయి, ఎంత ప్రయత్నించినా వాటిని ఒట్టి ధ్వనిగా వినలేను. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన నా మిత్రుడికి అవే ధ్వనుల ప్రవాహం. మనం మొదట వినేది ఒట్టి చప్పుడు కాదని, బండి కిర్రుమనడమో మోటారు సైకిలో అని హుస్సర్ల్ తర్వాతి తరం జర్మన్ తత్త్వవేత్త హైడెగర్ 1927లోనే రాశాడు, నిజమే. కానీ నాకు గోచరించినది నేను నేర్చిన భాష మీద ఆధారపడి ఉంటే, ఏ ముందస్తు భావనా లేని వర్ణన అనేది ఎవరికి సాధ్యం? అమెరికన్ తత్త్వవేత్త విల్‌ఫ్రిడ్ సెల్లర్స్ 1956లో వేసిన దెబ్బ ఇదే: జ్ఞానానికి పునాదిగా నిలవగలిగే ఏ అనుభవమూ భావనల ప్రమేయం లేకుండా మనకు చేతికందదు.

మన అనుభవం గురించి మనం చెప్పేది నమ్మలేమనడానికి, మనస్తత్వవేత్తలు నిస్బెట్, విల్సన్‌ల 1977 నాటి మేజోళ్ల ప్రయోగాన్ని కొందరు ఇక్కడ వాడతారు. ఒకే రకం మేజోళ్లు నాలుగు జతలు పెడితే మిగతా వాటికంటే కుడి చివరిదాన్నే ఎక్కువమంది ఎంచుకుని, అది ఉన్న చోటును కాక నాణ్యతను కారణంగా చెప్పారు. అది ఎంపికకు కారణాల గురించిన పొరపాటు. ఫినామినాలజీ కారణాలు చెప్పదు గనుక దానికి అది తగలదు.

తార్నాక పాఠకుడు:

మేజోళ్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను. పేకముక్క దగ్గర మాత్రం అధ్యాపకురాలి గారితో విభేదిస్తున్నాను. ఆ పరీక్ష పనిచేయడానికి కారణం ముక్క లోకంలో ఉండడం. దాని రంగు నా అనుభవంతో నిమిత్తం లేకుండా తేలుతుంది గనుకనే నా తప్పు పట్టుబడింది. ఎపొఖేతో ఆ లోకాన్నే పక్కన పెడితే దిద్దుబాటుకు ఆధారమేదీ మిగలదు.

నల్లకుంట అధ్యాపకురాలు:

పక్కన పెట్టడమంటే తీసివేయడం కాదండీ. లోకం కనిపిస్తూనే ఉంటుంది, దాని ఉనికి గురించిన తీర్పును మాత్రమే ఆపుతాం. ముక్క అసలు రంగు ఏదో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అది ఎదురుగా వచ్చి స్పష్టమైనప్పుడు, ఇంతకుముందు అస్పష్టంగా ఉండిందన్న తేడా అనుభవంలోనే తెలుస్తుంది. ఊహించినది నిండుగా ఎదుట నిలవడాన్నే హుస్సర్ల్ నిజానికి గీటురాయిగా తీసుకున్నాడు. ఆ గీటురాయి అనుభవం లోపలిదే.

తార్నాక పాఠకుడు:

చూపు విషయంలో ఇది ఒప్పుకుంటాను, ఎందుకంటే అక్కడ అస్పష్టమైన అంచు నుంచి స్పష్టమైన కేంద్రానికి తీసుకురావడం అనే పని ఉంది. శుద్ధ అహాన్ని అలా ఏ కేంద్రానికి తీసుకువస్తాం? 1900-01లో కనబడనిది 1913లో కనబడడానికి మధ్యలో హుస్సర్ల్ చూపు పదునెక్కిందా, లేక సిద్ధాంతం అవసరం పెరిగిందా అన్నది ఆ గ్రంథాల నుంచి నేను చెప్పలేను, ఆయన అనుయాయులు కూడా చెప్పగా నేను చదవలేదు. ఎపొఖేతో మొదలయ్యే 'రిడక్షన్' సంపూర్ణం కావడం అసాధ్యమన్నదే దాని నుంచి నేర్చుకునే గొప్ప పాఠమని ఫ్రెంచి ఫినామినాలజిస్టు మెర్లో-పాంటీ 1945లో అంగీకరించాడు. ఇంద్రియానుభవం వరకు ఫినామినాలజీకి సరిచూసుకునే దారి ఉందని మీరు నిరూపించారు. అహం గురించి, కాలం గురించి, ఇతరుల మనసుల గురించి చేసే పెద్ద ప్రకటనలకు కూడా ఆ దారే వర్తిస్తుందని చెప్పే పేకముక్క లాంటి పరీక్ష ఒక్కటైనా చూపితే నా అభ్యంతరాన్ని వెనక్కు తీసుకుంటాను.