శుద్ధజలం సీసాలోకి పీఫాస్ ఎలా వచ్చింది?

నీటి పరీక్షల్లో చేయి తిరిగినవారు ఎవరైనా దారి చూపగలరా? నేను అమెరికాలోని నార్త్ కరొలైనాలో, కేప్ ఫియర్ నదికి దగ్గరలోని ఇళ్ల బావుల నీటిలో పీఫాస్ అనే కృత్రిమ ఫ్లోరిన్ రసాయనాలపై పరిశోధన చేస్తున్నాను. ఆ నదిలో జెన్‌ఎక్స్ అనే పీఫాస్ ఉందని 2017లో వార్తలకెక్కినప్పటి నుంచి అక్కడివారికి కుళాయి తిప్పాలంటే గుబులే. (ఇంటికి ఫోను చేసి చెబితే నల్గొండ ఫ్లోరైడే అనుకున్నారు. అది రాళ్లలోంచి నీటిలో దిగేది. ఇది మనిషి తయారుచేసినది. కార్బన్, ఫ్లోరిన్‌ల బంధం ఓ పట్టాన తెగదు.)

నా చిక్కు ఇది. మొన్న 12 బావుల నమూనాలు తెచ్చాను. వాటితోపాటు తిప్పిన శుద్ధజలం సీసాలో, అంటే నమూనాలకు బయటి నుంచి ఏమైనా అంటిందా అని చూసే ఫీల్డ్ బ్లాంక్‌లో, లీటరుకు 1.8 నానోగ్రాముల పీఎఫ్‌ఓఏ (మరో పీఫాస్) తేలింది. తాగునీటికి అమెరికా 2024లో పెట్టిన పరిమితే 4 నానోగ్రాములు!

సీసాలు పాలీప్రొపిలీన్‌వే. పీఫాస్ కుటుంబానిదే అయిన టెఫ్లాన్‌తో చేసిన టేపు ముట్టలేదు, చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకున్నాను. అదే నీటితో ల్యాబ్‌లో ఉంచిన బ్లాంక్ శుభ్రంగా వచ్చింది కాబట్టి నీటిని తప్పుపట్టలేను. అయితే ఆ రోజు వాన, ఒంటి మీద నీరంటని జాకెట్. అలాంటి పూతల్లో పీఫాస్ ఉండొచ్చు. నా అనుమానమంతా దాని మీదే.

అమెరికా పర్యావరణ సంస్థ (ఈపీఏ) వారి 537.1 పరీక్షా పద్ధతి ప్రకారం బ్లాంక్‌లో దొరికినది రిపోర్టింగ్ పరిమితిలో (నమ్మకంగా నివేదించగల కనీస మోతాదులో) మూడో వంతు దాటితే నమూనాలు మళ్లీ తీయాలి. నా రిపోర్టింగ్ పరిమితి 2 నానోగ్రాములు. పీఎఫ్‌ఓఏ అంకెలు మాత్రం వదిలేసి, బ్లాంక్‌లో కనిపించని జెన్‌ఎక్స్ అంకెలు వాడుకోవచ్చా? జాకెట్టే దొంగ అని తేల్చుకోవడానికి మీరైతే ఏం చేస్తారు?