రాక్‌లో ఆడవాళ్లకు ఎక్కువ అన్యాయం చేసింది ఎవరు? లిప్‌స్టిక్ బ్యాచా, చినిగిన జీన్స్ బ్యాచా?

తుంగభద్ర_బేస్ (కర్నూలు)

నేను బేస్ గిటార్ వాయిస్తాను. మా బ్యాండ్‌లో నలుగురం, అమ్మాయిని నేనొక్కదాన్నే. పోయిన నెల ఒక కాలేజీ ఫెస్ట్‌కి పిలిచారు. సౌండ్ చెక్‌కి వెళ్తే, ఏర్పాట్లు చూస్తున్న పెద్దమనిషి నా భుజం మీది బ్యాగ్ చూసి "ఎవరిదమ్మా గిటారు, అక్కడ పెట్టేసి మైక్ దగ్గరికి రా" అన్నాడు. నేను పాడను, వాయిస్తాను అన్నాను. కాసేపు ఆలోచించి, "సరే, అయితే కొంచెం మంచి డ్రెస్ వేసుకుని ముందర నిలబడు, ఫొటోల్లో బాగుంటుంది" అన్నాడు. నేను వేసుకున్నది నల్ల టీషర్టు, జీన్స్. మా డ్రమ్మర్ వేసుకున్నదీ అదే. వాడినెవరూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి రాజ్‌విహార్ దగ్గర టీ తాగుతూ మా గిటారిస్టు ఒక సిద్ధాంతం చెప్పాడు. ఆడపిల్ల ఉన్నది ఫొటోకే అనే ఈ జబ్బు, ఎనభైల్లో జుట్టుకు స్ప్రే కొట్టి లిప్‌స్టిక్ వేసుకున్న గ్లామ్ మెటల్ వాళ్లు అంటించిందట. తర్వాత చినిగిన జీన్స్ వేసుకునే పంక్, గ్రంజ్ రాక్ వాళ్లు వచ్చి కడిగేశారట. నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ అప్పటికప్పుడు జవాబూ తట్టలేదు. మీరేమంటారు?

తాడిపత్రి_మెటల్

చెల్లెమ్మా, ముందు మీ గిటారిస్టుకు తేదీలు చెప్పు. లండన్‌లో, న్యూయార్క్‌లో పంక్ ఊపందుకున్నది 1976-77లో. లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ స్ట్రిప్ మీద గ్లామ్ మెటల్ ఎనభైల ముచ్చట. ముందు పుట్టినవాడు వెనక పుట్టినవాడి మురికి ఎట్లా కడుగుతాడు? గ్రంజ్ అంటే సరే, అది తొంభైల్లో.

ఇక లిప్‌స్టిక్ సంగతి. పాయిజన్ బ్యాండ్ 1986 ఆల్బమ్ అట్ట మీద ఉన్న నలుగురు మగాళ్లను చూసి అమ్మాయిలనుకున్నవాళ్లం మేమే ఉన్నాం. మీసం మెలేస్తేనే మగాడు అనుకునే ఊళ్లో పెరిగినవాడికి అది చెంపపెట్టు. ఆ సీన్‌లో ఆడవాళ్లు లేరనడమూ అబద్ధమే. విక్సెన్ అంతా అమ్మాయిల బ్యాండే. లీటా ఫోర్డ్ గిటార్ వింటే మీ గిటారిస్టు గిటార్ అటక మీద పెట్టేస్తాడు. ఆజీ ఆస్బోర్న్‌తో ఆమె పాడిన పాట 1989లో అమెరికా టాప్ టెన్‌లోకి వెళ్లింది. బట్టలు చూసి తీర్పు చెప్పకండి.

కడప_కారందోశ

అన్నా, నువ్వు లిప్‌స్టిక్ వేసుకుని మా ఏడు రోడ్ల దగ్గర పది నిమిషాలు నిలబడు, అప్పుడు ఒప్పుకుంటా.

తుంగభద్ర_బేస్

విక్సెన్, లీటా ఫోర్డ్. ఇంకా చెప్పన్నా. మూడో పేరుకు నువ్వే తడుముకుంటావు. నీ గ్లామ్ బ్యాండ్ల వీడియోల్లో ఆడవాళ్లకు కొదవలేదు, నిజమే. 1987 వైట్‌స్నేక్ వీడియోలో ఆ అమ్మాయి కారు బానెట్ మీద దొర్లుతుంది. అదే ఏడు గన్స్ ఎన్ రోజెస్ మొదటి ఆల్బమ్‌కు ముందు వేసిన అట్ట బొమ్మలో ఒక మరమనిషి పక్కన చెరచబడ్డ ఆడమనిషి పడి ఉంటుంది. షాపులవాళ్లు అమ్మబోమంటే ఆ బొమ్మను లోపలి పేజీకి జరిపారు, తీసెయ్యలేదు. మా రంగులు, మా జుట్టు, మా బిగుతు ప్యాంట్లు అన్నీ తీసుకున్నారు. గిటార్ మాత్రం అడిగితే, బానెట్ ఎక్కి కూర్చోమన్నారు.

మోడరేటర్

ఆ ఫెస్ట్ ఏ కాలేజీదో, ఆ పెద్దమనిషి ఎవరో ఊహిస్తూ రాసిన రెండు కామెంట్లు తీసేశాను. వాదన సంగీతం మీద చేసుకోండి.

గడియారస్తంభం_నాటకం (అనంతపురం)

నాకు ఈ ఇంగ్లీషు బ్యాండ్ల గురించి ఏమీ తెలియదు. మా మనవడు ఈ చర్చ చూపించాడు. కానీ మీరు మాట్లాడుతున్నది మాకు కొత్త కాదు.

మగాడు ఆడవేషం కట్టి చప్పట్లు కొట్టించుకోవడం, ఆడది స్టేజ్ ఎక్కితే మాత్రం నోళ్లు నొక్కుకోవడం తెలుగు నాటకం ఏళ్లకేళ్లు చేసిన పని. స్థానం నరసింహారావు సత్యభామగా జడ విసిరితే జనం వెర్రెత్తిపోయేవాళ్లు. ఆయన గొప్ప నటుడే, అందులో సందేహం లేదు. కానీ అదే జడ నిజంగా ఉన్న మనిషి అదే స్టేజ్ ఎక్కితే చెడిపోయిందనేవాళ్లు. ఈ పద్ధతి తప్పని గట్టిగా అన్నవాడు మన జిల్లావాడే. బళ్లారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో, 1880లో. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్లతో కలిసి నటించాడు. తాడిపత్రి_మెటల్ గారూ, ఊరిపేరు పెట్టుకున్నారు కాబట్టి గుర్తు చేస్తున్నా, అంతే!

ఇంకో మాట కూడా చెప్పాలి. రాఘవ పేరు మోగకముందే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజంలో ఆడవేషాలు ఆ ఇంటి ఆడవాళ్లే కట్టారు. వాళ్లు విప్లవకారులని కాదు. అక్కడ కుటుంబమే కంపెనీ. నాన్న హార్మోనియం దగ్గర, అన్న తెర దగ్గర, చంటిబిడ్డ స్టేజ్ పక్క తెర వెనక ఉయ్యాలలో. రాత్రి నాటకం అయిపోయాక ఇంటికి ఎట్లా పోవాలన్న ప్రశ్నే లేదు, ఇల్లే స్టేజ్ పక్కన డేరాలో ఉంది. సిద్ధాంతాల కన్నా ఆ డేరా ఎక్కువ పని చేసిందని నా అనుమానం.

మాష్‌పిట్_మైదుకూరు

సార్, మీ పోస్టు మా హాస్టల్ గ్రూప్‌లో పెట్టాను. నేను బెంగళూరులో చదువుతున్నా, పంక్ పిచ్చిదాన్ని. ఇక్కడ తుంగభద్ర అక్క వైపే కానీ, పంక్‌ను గ్లామ్‌తో ఒకే గాటన కట్టకండి.

పళ్లకు క్లిప్పు వేసుకున్న నల్లజాతి అమ్మాయి, పాలీ స్టైరీన్, 1977లోనే మైక్ పట్టుకుని అరిచింది. ఆమె అందంగా ఉందా లేదా అని అడిగే హక్కే ఎవరికీ ఇవ్వలేదు. తొంభైల మొదట్లో అమెరికాలో ఒలింపియా అనే చిన్న ఊళ్లో రయట్ గర్ల్ అనే అమ్మాయిల పంక్ ఉద్యమం పుట్టింది. బికినీ కిల్ గాయని కాథ్లీన్ హానా "అమ్మాయిలు ముందుకు రండి" అని పిలిచేది. అది స్లోగన్ అనుకోకండి, అవసరం. హార్డ్‌కోర్ కచేరీల్లో స్టేజ్ ముందు మగాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటూ ఎగిరే చోట అమ్మాయి నిలబడితే మోచేతులు, ఇంకా చెప్పకూడనివి. అందుకే అమ్మాయిలు గోడకు ఆనుకుని, బాయ్‌ఫ్రెండ్ల జాకెట్లు పట్టుకుని నిలబడేవాళ్లు. గుర్తుపట్టారా? మన కాలేజీలో క్రికెట్ ఆడేటప్పుడు పర్సులు, ఫోన్లు మనకిచ్చి పోతారు చూడండి, అదే ఉద్యోగం.

అంటే నేనే ఒప్పుకుంటున్నా, పంక్‌లోనూ కంపు ఉంది. తేడా ఏంటంటే, ఆ కంపును లోపలివాళ్లే బయటపెట్టారు. గ్రంజ్ బ్యాండ్ నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ గౌను వేసుకుని స్టేజ్ ఎక్కాడు. 1992లో ఒక ఆల్బమ్‌తో పాటు ఇచ్చే లోపలి కాగితంలో, ఆడవాళ్లంటే ద్వేషమున్నవాళ్లు మా కచేరీకి రావద్దు, మా రికార్డులు కొనొద్దు అని రాశాడు. గ్లామ్ వాడు ఎవడైనా ఆ మాట రాశాడా అన్నా?

తాడిపత్రి_మెటల్

రాయలేదు. ఒప్పుకుంటున్నా. కానీ 1999 వుడ్‌స్టాక్ రాక్ ఫెస్టివల్ గుర్తుందా? లిప్‌స్టిక్ ఒక్కడికీ లేదు, అంతా బ్యాగీ ప్యాంట్లు. ఆ గుంపులో ఆడవాళ్ల మీద జరిగిన అఘాయిత్యాలు పేపర్లకెక్కాయి. ఇక మేధావి రాక్ అంటారా, రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రిక పెట్టిన యాన్ వెన్నర్ 2023లో ఏడుగురు సంగీతకారులతో పుస్తకం వేశాడు. ఏడుగురూ తెల్ల మగాళ్లే. ఆడవాళ్లేరీ అని అడిగితే, వాళ్లు ఆ స్థాయిలో మాట్లాడలేరన్నట్టు చెప్పాడు. రాక్ గొప్పవాళ్లను సన్మానించే హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థ బోర్డులోంచి వెంటనే పంపేశారు. స్ప్రే కొట్టిన జుట్టు ఏ పాపం చేసిందప్పా ఇందులో?

ఇంకొకటి చెప్పాలి, నాటకం సారు రాసింది చదివినప్పటి నుంచి గుచ్చుకుంటోంది. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చారు. రెండు టికెట్లు కొన్నా, ఒకటి నాకు, ఒకటి మా అత్త కూతురికి. ఆ పాటలు నాకు నేర్పిందే ఆమె, క్యాసెట్లన్నీ ఆమెవే. చివరి రోజు ఇంట్లో వద్దన్నారు. నేను గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. ఆ టికెట్ మీద మా ఫ్రెండ్ వచ్చాడు. వాడికి అప్పటిదాకా ఆ బ్యాండ్ పేరు కూడా తెలియదు.

కడప_కారందోశ

జోకు వేద్దామని వచ్చా. వద్దులే.

మైక్‌సెట్_అన్న (కర్నూలు)

ఇరవై ఏళ్లుగా సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తున్నా. పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, ఆర్కెస్ట్రాలు అన్నీ. మా ఆర్కెస్ట్రాల్లో ఫీమేల్ సింగర్ లేకుండా బుకింగే రాదు. పోస్టర్ మీద పెద్ద ఫొటో ఆమెదే. కానీ కీబోర్డు దగ్గర, ప్యాడ్స్ దగ్గర, నా మిక్సర్ దగ్గర ఒక్క ఆడమనిషిని నేను చూడలేదు. పాపం ఆ సింగర్ పాటల మధ్యలో స్టేజ్ మీదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. దిగితే కూర్చునే చోటుండదు, బాత్రూమ్ సంగతి అడగొద్దు. ప్రోగ్రామ్ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. వాళ్ల నాన్నో తమ్ముడో బండి మీద కాచుకుని ఉంటాడు. సురభి డేరా అన్నారే సారు, అదే ఇది, కాకపోతే బజాజ్ బండి.

బట్టలు అంటున్నారు మీరంతా. నాకు తెలిసి ఒంటిగంటదాకా ఉండగలిగినవాడికే వాయించడం వస్తుంది. ప్రోగ్రామ్ అయిపోయాకే కదా పెద్దవాళ్లు కూర్చోబెట్టి నేర్పేది.

తుంగభద్ర_బేస్

అన్నా, చివర చెప్పావే, అది నాకు తట్టనే లేదు.

బట్టల గురించి ఒక్కటే చెప్పి ఊరుకుంటా. శ్రీనగర్‌లో ముగ్గురు స్కూలు అమ్మాయిలు ప్రగాష్ అని బ్యాండ్ పెట్టి 2012 డిసెంబరులో పోటీలో వాయించారు. రెండు నెలలు తిరక్కముందే ఫత్వా, ఆన్‌లైన్‌లో బెదిరింపులు, బ్యాండ్ మూసేశారు. ఇండోనేషియాలో వాయిస్ ఆఫ్ బేస్‌ప్రాట్ అమ్మాయిలు హిజాబ్ వేసుకునే మెటల్ వాయిస్తారు. వాళ్లకూ బెదిరింపులు తప్పలేదు, కానీ వాళ్లు ఆగలేదు, 2024లో గ్లాస్టన్‌బరీ దాకా వెళ్లారు. కప్పుకున్నా తప్పే, కప్పుకోకున్నా తప్పే అయితే తప్పు గుడ్డలో లేదు కదా.

తాడిపత్రి_మెటల్

నేను మొదటి నుంచీ అంటున్నది అదే! గుడ్డ తప్పు కాదు.

తుంగభద్ర_బేస్

నువ్వన్నది గ్లామ్ వాళ్ల గుడ్డల గురించి. నేనంటున్నది నా టీషర్టు గురించి. రెండూ ఒకటి కావన్నా.

మైక్‌సెట్_అన్న (కర్నూలు)

మీరు కొట్టుకుంటూ ఉండండి. తుంగభద్రమ్మా, చవితికి మా వీధి పందిట్లో మూడో రోజు సాయంత్రం ఖాళీ ఉంది. సౌండ్ చెక్ నాలుగింటికి, ఎనిమిదిన్నరకల్లా మీది అయిపోతుంది. మిక్సర్ ఎట్లా పట్టుకోవాలో కూడా ఆ రోజే చూపిస్తా, ముందే రా. కేబుల్ మాత్రం నీదే తెచ్చుకో, నా దగ్గరున్నవి గుయ్యిమంటాయి.

తాడిపత్రి_మెటల్

మూడో రోజు అంటే ఏ వారం? ఇద్దరం వస్తాం.