నెలసరికి ముందే కనిపించిన కొద్దిపాటి రక్తపు మరకను గర్భసూచనగా తీసుకోవచ్చా?

ప్రశ్న: తొలివేకువ

మేము కొన్ని నెలలుగా సంతానం కోసం ప్రయత్నిస్తున్నాము. నాకు నెలసరి సాధారణంగా 28 రోజులకు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా వస్తుంది. ఈసారి ఆ తేదీకి ఇంకా మూడు నాలుగు రోజులు ఉండగానే లోదుస్తులపై లేత గులాబీ రంగు మరక కనిపించింది. మరునాటికి అది గోధుమ రంగులోకి మారి, తుడుచుకున్నప్పుడు మాత్రమే తెలిసేంతగా తగ్గి, ఆ తరువాత పూర్తిగా ఆగిపోయింది. ప్యాడ్ పెట్టుకోవలసిన అవసరం కూడా రాలేదు. పొత్తికడుపు కొద్దిగా లాగుతున్నట్లు ఉన్నది గాని, నెలసరికి ముందు నాకు ఎప్పుడూ అలాగే ఉంటుంది కనుక దానిని బట్టి ఏమీ తేల్చుకోలేకపోతున్నాను.

పిండం గర్భసంచిలో అతుక్కునేటప్పుడు కొంతమందికి ఇలా రక్తం కనిపిస్తుందని పలుచోట్ల చదివాను. ఇది అదేనని చెప్పగలిగే గుర్తు ఏదైనా ఉన్నదా? పరీక్ష ఎప్పుడు చేసుకుంటే ఫలితాన్ని నమ్మవచ్చు? మరొక చిన్న సందేహం కూడా ఉన్నది. ఈ మరక కనిపించిన రోజును నెలసరి మొదటి రోజుగా రాసుకోవాలా, లేక లెక్కలోకి తీసుకోకుండా వదిలివేయాలా?

జవాబు: మల్లెపందిరి

నాకు ఇద్దరు పిల్లలు. మొదటిసారి గర్భం నిలిచినప్పుడు, మీరు చెప్పినట్లే, నెలసరి తేదీకి కాస్త ముందు రెండు పూటల పాటు గోధుమ రంగు మరక కనిపించి ఆగిపోయింది. రెండవసారి అటువంటిది ఒక్క చుక్క కూడా లేదు. కాబట్టి మరక కనిపించని వారు గర్భం రాలేదని నిరుత్సాహపడవలసిన పని లేదని నా అనుభవంతో చెప్పగలను.

తేడా గుర్తించడానికి నేను గమనించినది ఒక్కటే. నెలసరి సన్నగా మొదలైనా ఒకటి రెండు రోజుల్లో ఉధృతి పెరుగుతుంది, ఎరుపు చిక్కబడుతుంది, కొందరికి గడ్డలు కూడా పడతాయి. గర్భం నిలిచినప్పుడు కనిపించేది మాత్రం మొదలైన తీరులోనే పలుచగా ఉండి, పెరగకుండానే ఆగిపోతుంది. గులాబీ లేదా గోధుమ రంగులో ఉంటే గర్భమని, ఎర్రగా ఉంటే నెలసరి అని మా ఇంట్లో పెద్దవారు చెప్పేవారు. మీ విషయంలో రంగు, పరిమాణం రెండూ సరిపోతున్నాయి కనుక నాకైతే శుభవార్తే అనిపిస్తున్నది.

జవాబు: స్త్రీవైద్యురాలు

మల్లెపందిరి గారు చెప్పిన వాటిలో పరిమాణం గురించిన మాట చాలావరకు సరైనదే. రంగు గురించిన మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. రక్తం గర్భసంచి నుండి బయటికి రావడానికి ఎక్కువ సమయం పడితే ఎక్కడి రక్తమైనా గోధుమ రంగుకు మారుతుంది, స్రావంతో కలిస్తే ఏ రక్తమైనా గులాబీగా కనిపిస్తుంది. నెలసరి మొదలయ్యే ముందు, నెలసరి ముగిసే రోజుల్లో కనిపించే మరకలు కూడా చాలామందిలో గోధుమ రంగులోనే ఉంటాయి. అంటే రంగును బట్టి రక్తం ఎంత పాతదో కొంత ఊహించవచ్చు గాని, అది ఎందుకు వచ్చిందో తెలుసుకోలేము.

ఇక పిండం అతుక్కునే విషయం. అండం విడుదలైన తరువాత దాదాపు ఒక రోజులోగా అండవాహికలో ఫలదీకరణ జరగాలి. అక్కడి నుండి పిండం మెల్లగా గర్భసంచిలోకి చేరి, లోపలి పొరలోకి చొచ్చుకొనిపోతుంది. 1999లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, సంతానం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీల మూత్రాన్ని ప్రతిరోజూ పరీక్షించి, నిలదొక్కుకున్న గర్భాలలో ఈ అతుక్కోవడం అండం విడుదలైన 6 నుండి 12 రోజుల మధ్య జరుగుతుందని, వాటిలో 84 శాతం 8, 9, 10 రోజులలోనే జరిగాయని తేల్చారు. 28 రోజుల చక్రంలో అండం సుమారు 14వ రోజున విడుదలవుతుందనుకుంటే, అతుక్కోవడం ఎక్కువగా 22 నుండి 24 రోజుల మధ్య జరగాలి. మీకు మరక కనిపించిన సమయం దీనికి దగ్గరగానే ఉన్నది కనుక మీకు ఆశ కలగడంలో వింత లేదు.

అయితే అదే బృందం 2003లో రక్తస్రావాన్ని ప్రత్యేకంగా పరిశీలించింది. గర్భం దాల్చిన 151 మందిలో మొదటి 8 వారాల్లో ఏదో ఒక రోజు రక్తం కనిపించినది 14 మందికి మాత్రమే, అంటే సుమారు 9 శాతం మందికి. ఆ రక్తం ఎక్కువగా నెలసరి రావలసిన రోజుల చుట్టుపక్కల కనిపించింది తప్ప, పిండం అతుక్కున్న రోజునే కనిపించడం అరుదు. పిండం పొరను తొలుచుకుంటుంది కనుక రక్తం వస్తుందన్న వివరణ వినడానికి సహజంగా తోచినా, ఆ అధ్యయనం దానిని బలపరచలేదు. అయినా ఆ 14 గర్భాలలో 12 ప్రసవం వరకు సాగాయి కనుక, తొలిరోజుల్లో కొద్దిపాటి రక్తం కనిపించినంత మాత్రాన గర్భం చెడిపోతున్నదని భయపడవలసిన అవసరం లేదని కూడా అదే అధ్యయనం చెబుతున్నది. ఈ రెండవ విషయాన్ని ఎవరూ పెద్దగా ప్రచారం చేయకపోవడం నాకు ఎప్పుడూ చిత్రంగా తోస్తుంది.

గర్భంతో సంబంధం లేకుండా ఇటువంటి మరక కనిపించడానికి చాలా కారణాలు ఉన్నాయి. గర్భసంచి లోపలి పొరను నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ స్థాయి నెలసరికి ముందే తగ్గడం మొదలుకావచ్చు. గర్భసంచి ముఖద్వారం సున్నితంగా ఉండి కలయిక తరువాత కొద్దిగా రక్తం రావచ్చు. చిన్న పాలిప్ (మెత్తని కండ పెరుగుదల) గాని, ఇన్ఫెక్షన్ గాని, థైరాయిడ్ సమస్య గాని ఉండవచ్చు. గర్భనిరోధక మాత్రలు మానివేసిన తొలి నెలల్లోనూ, అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న తరువాతా ఇది మామూలే. రొమ్ముల నొప్పి, నిద్రమత్తు, పొత్తికడుపు లాగడం వంటివి కూడా నెలసరి ముందు, గర్భం తొలిరోజుల్లో ఒకేలా ఉంటాయి. రెండు సందర్భాలలోనూ వాటికి కారణం ఆ ప్రొజెస్టిరానే.

కాబట్టి దీనిని తేల్చగలిగేది, గర్భం నిలిచినప్పుడు తయారయ్యే హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను గుర్తించే పరీక్ష ఒక్కటే. పిండం అతుక్కున్న తరువాతే ఆ హార్మోన్ తల్లి రక్తంలోకి చేరి, తొలిరోజుల్లో సుమారు రెండు రోజులకొకసారి రెట్టింపు అవుతుంది. ఇంట్లో వాడే కిట్లలో చాలావరకు మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ యూనిట్ల స్థాయికి చేరితే గాని గీత చూపవు. మరక కనిపించిన రోజునే పరీక్షించుకుంటే, గర్భం నిజంగా ఉన్నా ఫలితం నెగటివ్‌గా రావచ్చు. నెలసరి తప్పిన రోజు నుండి, ఉదయం మొదటి మూత్రంతో, ముందుగా ఎక్కువ నీళ్లు తాగకుండా పరీక్షించుకోండి. అప్పుడూ నెగటివ్ వచ్చి నెలసరి మొదలు కాకపోతే, కొన్ని రోజులు ఆగి మళ్లీ చేయండి. చికిత్సలో భాగంగా అండం విడుదల కోసం హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవారికి ఆ మందు వల్లే పాజిటివ్ కనిపించే అవకాశం ఉన్నది కనుక, వారు తమ వైద్యులు చెప్పిన తేదీ వరకు ఆగాలి.

మళ్లీ: తొలివేకువ

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. తేదీ వచ్చేవరకు ఆగుతాను. రెండు విషయాలు ముందే చెప్పి ఉండవలసింది. నా రక్తవర్గం నెగటివ్, మా వారిది పాజిటివ్. దీనివల్ల ఈ మరకకే ఏదైనా జాగ్రత్త అవసరమా? అలాగే నెలసరి ఆలస్యమైతే వచ్చేలా చేసే మాత్ర ఒకటి ఉన్నదని, అది వేసుకుంటే విషయం రెండు మూడు రోజుల్లో తేలిపోతుందని తెలిసినవారొకరు సలహా ఇచ్చారు.

జవాబు: స్కానింగ్ గది

నేను అల్ట్రాసౌండ్ విభాగంలో పనిచేస్తున్నాను. తేదీ రాసుకోవడం గురించి మీరు అడిగిన ప్రశ్నను ఎవరూ తాకలేదు కనుక ఆ ఒక్కదాని గురించే రాస్తాను. మీరు దానిని చిన్న సందేహం అన్నారు గాని, మా గదిలో అన్నింటికంటే ఎక్కువ తికమక పెట్టేది అదే.

గర్భాన్ని వారాల్లో లెక్కించేటప్పుడు పిండం అతుక్కున్న రోజు నుండి కాక, చివరి నెలసరి మొదటి రోజు నుండి లెక్కిస్తారు. ప్రసవ తేదీ అంచనా కూడా ఆ రోజు నుండి 280 రోజులకు వేస్తారు. నెలసరి రావలసిన సమయంలో కనిపించిన పలుచని మరకను నెలసరిగా భావించి ఆ తేదీనే కార్డులో రాయించినప్పుడు, లెక్క దాదాపు నాలుగు వారాలు వెనుకబడుతుంది. లెక్క ప్రకారం 6 వారాలే అనుకుంటూ వచ్చినవారికి తెరపై 10 వారాల బిడ్డ కనిపించడం మాకు కొత్త కాదు. నెలలో మధ్యన కనిపించిన మరకను నెలసరిగా రాసుకుంటే అంత తేడా రాదు గాని, ఒకటి రెండు వారాల లెక్క మాత్రం తప్పుతుంది.

తొలి మూడు నెలల్లో స్కానింగ్ చేయించుకుంటే పిండం పొడవును బట్టి ఈ పొరపాటును సరిచేయవచ్చు. ఆలస్యంగా వచ్చినవారిలో సరిచేయడం కష్టం. బిడ్డల ఎదుగుదల ఒకరికొకరికి తేడాగా ఉండే దశలో, కొలత పెద్దగా ఉన్నది తేదీ తప్పడం వల్లనా, బిడ్డ పెద్దగా ఉండడం వల్లనా అన్నది స్కాన్ చూసి చెప్పలేము.

అందుచేత మీరు రెండు తేదీలనూ రాసి ఉంచండి. ఎప్పటిలాగే వచ్చి ఎప్పటిలాగే ముగిసిన నెలసరి తేదీని చివరి నెలసరిగా రాసుకొని, మరక కనిపించిన తేదీని దాని పక్కన, ఎంత రక్తం, ఎన్ని పూటలు అన్న వివరంతో విడిగా రాయండి. వైద్యులకు రెండూ చెప్పండి. ఏది లెక్కలోకి తీసుకోవాలో వారు నిర్ణయిస్తారు.

మరొక మాట. కిట్‌లో గీత కనిపించిన రోజునే స్కాన్ కోసం పరుగెత్తవద్దు. గర్భసంచిలో చిన్న సంచి సుమారు 5 వారాలకు, గుండె కదలిక సుమారు 6 వారాలకు గాని కనిపించవు. అంతకంటే ముందు వచ్చినవారికి మేము ఏమీ చూపలేక, మళ్లీ రమ్మని చెప్పి పంపవలసి వస్తుంది. వారు ఆ వారం రోజులూ అనవసరపు భయంతో గడుపుతారు. అయితే నొప్పి గాని, రక్తస్రావం గాని ఉన్నవారికి ఈ మాట వర్తించదు. వారు ఏ దశలోనైనా రావాలి.

జవాబు: స్త్రీవైద్యురాలు

స్కానింగ్ గది వారు చెప్పిన చివరి వాక్యానికి సంబంధించిన జాగ్రత్తను తరువాత రాస్తాను. అంతకుముందు తొలివేకువ గారి రెండు సందేహాలకు సమాధానం.

నెలసరి రప్పించే మాత్ర సాధారణంగా ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్. గర్భం లేనప్పుడు ఆ మాత్రలు ఆపిన కొన్ని రోజులకు రక్తస్రావం వస్తుంది, గర్భం ఉన్నప్పుడు రాదు. ఒకప్పుడు, ఇంత సులభమైన కిట్లు లేని కాలంలో, గర్భాన్ని నిర్ధారించడానికి దీనిని వాడేవారు గాని ఆ పద్ధతిని ఎప్పుడో వదిలివేశారు. కొద్ది నిమిషాల్లో మూత్రపరీక్ష చెప్పే విషయం కోసం గర్భం ఉన్నదో లేదో తెలియని స్థితిలో హార్మోన్ మాత్రలు మింగడం తగదు. అలాగే నొప్పి కోసం ఐబుప్రొఫెన్ వంటివి కాకుండా, అవసరమైతే పారాసిటమాల్ వాడండి. సంతానం కోసం ప్రయత్నిస్తున్నారు కనుక రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పటికే తీసుకుంటూ ఉండాలి. తీసుకోకపోతే పరీక్ష ఫలితం కోసం చూడకుండా ఈరోజే మొదలుపెట్టండి.

రక్తవర్గం విషయానికి వస్తే, పరీక్షలో గర్భం తేలకముందు కనిపించి ఆగిపోయిన ఈ మరకకు మీరు చేయవలసినది ఏమీ లేదు. గర్భం నిర్ధారణ అయ్యాక మాత్రం మొదటిసారి వెళ్లినప్పుడే మీ ఇద్దరి రక్తవర్గాలు చెప్పండి. తరువాత ఎప్పుడు రక్తస్రావం కనిపించినా ఆ విషయాన్ని గుర్తుచేయండి. బిడ్డ పాజిటివ్ రక్తానికి వ్యతిరేకంగా తల్లి శరీరం ప్రతిరోధకాలు తయారుచేయకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ తొలివారాల్లోనే ఇవ్వాలా అన్న దానిపై మార్గదర్శకాలు అన్నిచోట్లా ఒకేలా లేవు కనుక, వారాలను, రక్తస్రావం తీరును బట్టి మీ వైద్యులే నిర్ణయిస్తారు.

ఇక అసలు జాగ్రత్త. నూరు గర్భాలలో ఒకటి రెండు గర్భసంచి బయట, ఎక్కువగా అండవాహికలో నిలుస్తాయి. వాటిలో కనిపించే రక్తస్రావం చాలాసార్లు పలుచగా, గోధుమ రంగులోనే ఉంటుంది. అంటే ఈ చర్చలో శుభసూచనగా చెప్పుకుంటున్న మరకకూ దానికీ చూపులో తేడా ఉండకపోవచ్చు. రంగును నమ్ముకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి ముఖ్యమైన కారణం ఇదే. పరీక్ష పాజిటివ్ వచ్చిన తరువాత పొత్తికడుపులో ఒకవైపు నొప్పి పెరుగుతున్నా, భుజం కొసన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, సొమ్మసిల్లినా రక్తం ఎంత కొద్దిగా ఉన్నదన్నది చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గంటకొక ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం ఉన్నా, జ్వరంతో పాటు దుర్వాసన గల స్రావం ఉన్నా అంతే. గతంలో అండవాహికలో గర్భం వచ్చినవారు, ఆ నాళాలకు శస్త్రచికిత్స జరిగినవారు, గర్భనిరోధక లూప్ ఉండగానే పాజిటివ్ వచ్చినవారు లక్షణాల కోసం చూడకుండా ముందుగానే వైద్యులను కలవాలి.

ఇవేవీ లేకుండా కేవలం మరక మాత్రమే కనిపించినవారు మంచం దిగకుండా ఉండవలసిన పని లేదు. పడక విశ్రాంతి గర్భస్రావాన్ని ఆపుతుందనడానికి ఆధారం లేదు. పాజిటివ్ వచ్చిన కొద్ది రోజులకే నెలసరి లాంటి రక్తస్రావం మొదలైతే, అది అతి తొలిదశలోనే ఆగిపోయిన గర్భం కావచ్చు. వీటిలో చాలావాటికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం గాని, మీరు చేసిన పనో, ఎత్తిన బరువో కాదు. అప్పుడు కూడా ఒకసారి చూపించుకొని, హెచ్‌సీజీ పూర్తిగా తగ్గిందో లేదో తెలుసుకోవాలి. ఆ పరీక్షకు వెళ్లేటప్పుడు కిట్‌లో మొదట గీత కనిపించిన తేదీని కూడా రాసుకొని తీసుకువెళ్లండి.