పాడిందే పాడే దాసరి, దానంతట అదే పోయే మెయిలు

చౌటుప్పల్ నుంచి ప్రశ్న:

గ్రూపులో అందరికీ నమస్తే. నేను ఒక చేనేత చీరల షాపులో పనిచేస్తాను. మా వెబ్‌సైటులో పోచంపల్లి, పుట్టపాక నేత మీద ఏళ్ళ కిందట రాయించిన వ్యాసాలు చాలా ఉన్నాయి. చదివే దిక్కు లేదు. ఇప్పుడు వాటిలోంచే ముక్కలు తీసి ఆటోమేటిక్ మెయిళ్ళు తయారుచేశాం. కస్టమర్ పేరు నమోదు చేసుకున్న రోజు ఒకటి, మూడు రోజులకు ఇంకొకటి, ఆ తర్వాత వారానికొకటి. మనం చెయ్యి పెట్టే పని లేదు, దానంతట అదే పోతుంది. మొన్న ఒక పాత కస్టమర్ ఒకే ఒక్క లైను జవాబిచ్చాడు: "పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ." మా ఓనర్‌కు టెన్షన్ పట్టుకుంది, మొత్తం ఆపేయమంటున్నాడు. నా అనుమానం ఒక్కటే. ఈ సామెత తిట్టేది చెప్పిందే చెప్పడాన్నా, ఇంకేదన్నా ఉందా? ఇట్లా పాతదాన్ని మళ్ళీ వాడుకోవడానికి తెలుగులో మంచి మాట లేదా?

నల్లగొండ నుంచి:

అనుమానమెందుకు తమ్మీ, చెప్పిందే చెప్పడాన్ని తిట్టేదే. సంస్కృతంలో చర్విత చర్వణం అన్నారు, నమిలిందే నమలడం. కావ్యాల్లో దానికి పునరుక్తి దోషమని పేరే ఉంది. ఆపేయమన్న మీ ఓనర్ తెలివైనవాడు.

మహబూబ్‌నగర్ నుంచి:

పైన సార్ చెప్పిన అర్థం తప్పు కాదు కానీ, ఆ సామెతను ఒకసారి నిదానంగా చదవండి. దాసరి ఇల్లిల్లూ తిరుగుతాడు. ఒక వాకిట్లో పాడిందే పక్క వాకిట్లోనూ పాడతాడు. గడప గడపకూ కొత్త పాట కట్టాలంటే ఆయన వల్ల అవుతుందా? ప్రతి ఇంటివాళ్ళకూ అది కొత్త పాటే. విసుక్కునేది ఎవరు? ఆయన వెంట తిరిగినవాడో, నిన్న కూడా విన్నవాడో. మీ మెయిల్ సంగతీ అంతే. నిన్న పేరిచ్చినవాడికి ఆ వ్యాసం కొత్తదే. తిట్టింది పాత కస్టమర్. అంటే అతను ఆ వ్యాసం వెబ్‌సైటులో ఎప్పుడో చదివాడు. ఇదివరకే కొన్నవాళ్ళను ఆ వరసలోంచి తీసేస్తే సగం గొడవ తీరుతుంది.

ఇక రెండో సగం. సామెతలో తిట్టు మాట "పాడిందే" కాదు, "పాచిపళ్ళ". పళ్ళు తోముకోకుండా వచ్చి పాడుతున్నాడని. మా దిక్కు దీన్నే పాసిపండ్లు అంటారు. మనకు పళ్ళైనా పండ్లైనా పండ్లే కాబట్టి, చిన్నప్పుడు నేను పాసిపోయిన మామిడిపండ్లు మోసుకొచ్చే దాసరి అనుకునేదాన్ని. అది వేరే సంగతి.

పునరుక్తి అంతా దోషమేమీ కాదు సార్. పగలు, పగలు అని రెండుసార్లు అంటే "పట్టపగలు" అయింది. కడ, కడ కలిసి "కట్టకడ" అయింది. మన వ్యాకరణం ఆమ్రేడితమని పేరు పెట్టి మరీ చోటిచ్చింది. అయితే అక్కడ మొదటి మాట ఉన్నదున్నట్టు ఉండదు, రూపం మారుతుంది. మీ మెయిల్లో రూపం మారిందా లేదా? ఒకటి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

చౌటుప్పల్ నుంచి:

థాంక్స్ మేడమ్. ఇదీ మొదటి మెయిలు. మూడు వ్యాసాల్లోంచి తీసి కలిపాను:

"నమస్తే యాదగిరికు, పైన చెప్పినట్టు, నల్లగొండ జిల్లా భూదాన్ పోచంపల్లి ఈ మధ్యే ప్రపంచ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేరింది. ఇక్కడి ఆడవాళ్ళు రోజంతా చేత్తోనే ఆసు పోస్తారు. వచ్చే దసరాకు మీ వనపర్తికు పంపే చీరల మీద తగ్గింపు ఉంది."

మహబూబ్‌నగర్ నుంచి:

పాచి అంటే ఏమిటో ఇప్పుడు చూపిస్తాను. "పైన చెప్పినట్టు" అన్నారు. మెయిల్లో పైన ఏముంది? నమస్తే తప్ప ఏమీ లేదు. వ్యాసంలో ఆ పైన ఒక పేరా ఉండి ఉంటుంది, అది అక్కడే ఉండిపోయింది.

తర్వాతి ముక్క ఇంకా బాగుంది. యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. పోచంపల్లి ఆ రోజు నుంచి నల్లగొండ జిల్లాలో లేదు. పర్యాటక గ్రామంగా ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ గుర్తించింది 2021లో. అంటే మీ వాక్యంలో మొదటి సగం 2016కు ముందుది, రెండో సగం 2021 తర్వాతది. రెండూ ఒకే ఊపిరిలో చదివించారు! పాత జిల్లా పేరే కావాలంటే పేపర్లవాళ్ళు రోజూ వాడే మాట ఉండనే ఉంది: "ఉమ్మడి నల్లగొండ జిల్లా." నారాయణపేట చీరల మీద వ్యాసం ఉంటే అదీ చూసుకోండి. అది మా జిల్లా నుంచి విడిపోయింది 2019 ఫిబ్రవరి 17న.

ఆసు సంగతి. ఆసు పోయడమంటే చీర నేసే ముందు దారం సిద్ధం చేయడం. మేకుల చుట్టూ చేత్తో దారం తిప్పీ తిప్పీ ఆడవాళ్ళ భుజాలు పడిపోయేవి, నిజమే. తల్లి పడే బాధ చూసే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు. దానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా ఉమ్మడి నల్లగొండ మనిషే. ఆ కథ వదిలేసి "చేత్తోనే" అని పంపితే పోచంపల్లిలో చదివినవాళ్ళు నవ్వుకుంటారు.

ఈ మధ్య, మొన్న, ఈ ఏడాది, వచ్చే దసరా: వ్యాసం రాసిన రోజున వీటికి అర్థముంది. దానంతట అదే పోయే మెయిలుకు ఈ రోజు అంటూ ఏదీ లేదు. ఒకరికి సంక్రాంతికి పోతుంది, ఇంకొకరికి మృగశిరకు పోతుంది. కాబట్టి "2021లో" అని సంవత్సరం వేయండి. పండగ తగ్గింపులు ఈ వరసలో అసలు పెట్టకండి, వాటిని విడిగా అప్పటికప్పుడు పంపుకోండి.

వనపర్తి నుంచి:

మేడమ్ అంతా చెప్పారు కానీ "యాదగిరికు", "వనపర్తికు" వదిలేశారు. మా ఊరి పేరు కదా, నాకు అదే ముందు కనిపించింది. ఇ-కారం మీద ముగిసే పేరుకు "కి" రావాలి, మిగతావాటికి "కు". యాదగిరికి, యాదయ్యకు. మెషీన్‌కు అది తెలియదు, ఖాళీలో పేరు నింపి మీరు రాసిన తోక తగిలిస్తుంది. సత్యం అనే ఆయన ఉంటే ఇంకా కష్టం, "సత్యానికి" అనాలి, అప్పుడు పేరే మారిపోతుంది. అసలు ఇక్కడ నమస్తే తర్వాత తోకే అక్కర్లేదు, "నమస్తే యాదగిరి గారూ" చాలు. తోక తప్పనిచోట "గారికి" అని రాయండి. యాదగిరి గారికి, యాదయ్య గారికి, సత్యం గారికి. ముందు ఏ పేరొచ్చినా "గారికి" మారదు, మర్యాదా దక్కుతుంది. ఊరి పేరును వాక్యంలోంచి తీసి "డెలివరీ: వనపర్తి" అని విడిగా ఒక లైను వేయండి.

చౌటుప్పల్ నుంచి:

ఈ "గారికి" సంగతి ఎవరూ చెప్పలేదన్నా. ఇంకొకటి. మూడు వ్యాసాలూ పూర్తిగా పెట్టిన మెయిల్ ఒకటి ఉంది, అది జీమెయిల్లో చివర తెగిపోయి వస్తోంది. ఎందుకు?

వనపర్తి నుంచి:

మెయిలు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది చూపించకుండా దాచేస్తుంది. మన అక్షరాలకు బరువెక్కువ. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే పద్దెనిమిది. డిజైన్ కోడ్ బరువు దీనికి అదనం. తెగిపోయిన చివరనే "ఇక మెయిళ్ళు వద్దు" అనే లింకు ఉంటుంది. అది కనిపించకపోతే జనం స్పామ్ అని నొక్కుతారు. ఒక వ్యాసంలోంచి ఒక్క సంగతే తీసుకుని రెండు పేరాల్లో ముగించి, మిగతాదానికి లింకు ఇవ్వండి.

నల్లగొండ నుంచి:

ఆపేయమన్న మాట వెనక్కి తీసుకోను గానీ, సబ్జెక్ట్ లైన్ ఒకటి చూపించు తమ్మీ.

చౌటుప్పల్ నుంచి:

"పోచంపల్లి చీర కొనే ముందు అది అసలుదో కాదో ఇంట్లోనే సులభంగా తెలుసుకోండి", ఇది సార్.

నల్లగొండ నుంచి:

వ్యాసానికి పెట్టిన శీర్షికే దించావు. ఫోన్లో "కొనే ముందు అది అస" దగ్గరే తెగుతుంది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, తెగేదీ అదే. కొనమంటున్నావో వద్దంటున్నావో తెలియదు. ఆ వ్యాసంలో ఉన్న సంగతేమిటి? నూలుకు ముందే చిటికి కట్టి, అంటే అక్కడక్కడా దారంతో బిగించి, రంగు వేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, అచ్చు వేసిన చీరకు వెనక వెలిసినట్టుంటుంది. ఇదే కదా? అయితే "చీర తిప్పి చూడండి" అని పెట్టు. మూడే మాటలు, క్రియ కూడా దక్కింది.

మహబూబ్‌నగర్ నుంచి:

సార్, మీరూ పాత వ్యాసాన్ని మళ్ళీ వాడేశారు.