అంతరీపం అంటే దీవా, మొనా?

ఉప్పుటేరు:
అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో, నీటికి సంబంధించిన మాటలుండే వారివర్గంలో ఒక పాదం నోట్లో నానుతోంది. "ద్వీపోఽస్త్రియామన్తరీపం" దాకా వచ్చి ఆగిపోతున్నాను. తరవాతేమిటి? హిందీ భూగోళం పుస్తకాల్లో కేప్‌ని అంతరీప్ అంటారు. మనం గుడ్‌హోప్ అగ్రం, కన్యాకుమారి అగ్రం అంటూ వచ్చాం. అమరుడు ద్వీపానికి పర్యాయంగా చెప్పిన మాట, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలకు పేరెలా అయింది?

వారివర్గం:
"యదన్తర్వారిణస్తటమ్". నీటి నడుమనున్న తటం. అందరూ 'అంతర్' దగ్గరే ఆగుతారు గానీ కీలకం 'తటం'లో ఉంది. తటమంటే ఒడ్డు. చుట్టూ నీళ్లున్న నేల అనే ఉద్దేశమే ఉంటే స్థలమనో భూమి అనో అనేవాడు. నీళ్లలోకి వెళ్లిన ఒడ్డు అన్నాడంటే అది కేప్ కాక మరేమిటి? హిందీవాళ్ల ప్రయోగం సాధువే.

ప్రతీపం:
తటం మీద అంత భారం వెయ్యలేం అండీ. ఆ వెంటనే ఏమన్నాడో చూడండి: "తోయోత్థితం తత్పులినం". 'తత్' అని పై తటాన్నే అందుకున్నాడు. అది నీళ్లలోంచి లేచినదైతే పులినం. ఆయన మనసులో ఉన్నది ఇసుకతిప్ప, కొండకొన కాదు. కాకినాడ హోప్ ఐలాండ్‌నే తీసుకోండి. గోదావరి తెచ్చిన ఇసుకతో పదహారు కిలోమీటర్ల మేర సాగిన తిప్ప అది. దాని ఉత్తరపు కొసను గోదావరి పాయింట్ అంటారు. దీవి అన్నా, మొన అన్నా, పులినం అన్నా ఒప్పుతుంది.

అసలు తేల్చుకోవలసింది 'ఈ' సంగతి. ద్వి, అంతర్, ఉపసర్గల తరవాత నీళ్లు అనే అర్థమున్న 'అప్' శబ్దంలోని అకారం ఈకారమవుతుందని పాణిని సూత్రం: ద్వ్యన్తరుపసర్గేభ్యోఽప ఈత్. ద్వీపం, అంతరీపం, సమీపం, ప్రతీపం అన్నిటికీ సూత్రం ఒకటే. ద్వీపానికి వ్యుత్పత్తి రెండు వైపులా నీళ్లున్నదని. నాలుగు వైపులా అని ఎవరన్నారు? మొనకు తగిన మాట అంతరీపం కాదు, ద్వీపమే!

చార్మినార్ వీధి:
మరి ద్వీపకల్పం ఎందుకు పుట్టినట్టు? అందులో కల్పం కల్పన కాదు, బ్రహ్మగారి పగలూ కాదు. కాస్త తక్కువైనదని చెప్పడానికి చేరే ప్రత్యయం అది, పాణిని సూత్రమే ఉంది: ఈషదసమాప్తౌ కల్పబ్దేశ్యదేశీయరః. విద్వత్కల్పుడంటే విద్వాంసుడికి రవంత తక్కువ. అలాగే దీవికి రవంత తక్కువ. లాటిన్ పేనిన్సులాలోనూ 'ఇంచుమించు దీవి' అనే భావమే. మా ఉర్దూలో జజీరానుమా, దీవిలా కనబడేది. ఇక కేప్‌కి ఉర్దూలో రాస్. కన్యాకుమారి రాస్ కుమారి. రాస్ అంటే తల. కేప్ మూలం లాటిన్ కాపుట్, అదీ తలే. మరాఠీవాళ్లు భూశిర్ అంటారు. అందరూ తల అంటుంటే మనమొక్కళ్లమే కొస పట్టుకున్నాం.

యారాడ కొండ:
మనమొక్కళ్లమే కాదు, అరవం వాళ్లూ కొసే పట్టుకున్నారు. కుమరిమునై. ఆ మునై, మన మొన తోబుట్టువులు. సూదిమొన, బాణపు మొన ఇంట్లో ఉండగా అగ్రం అరువు దేనికి? పాత తెలుగులో మొన అంటే సేన, యుద్ధం కూడా. మొనగాడు అక్కణ్ణుంచే వచ్చాడు. సముద్రానికి ఎదురెళ్లి నిలబడ్డ నేలకు అంతకన్నా మంచి పేరు లేదు.

ప్రతీపం:
మొన మరీ వాడి. మీ పేరున్న కొండే దానికి ఒదగదు.

యారాడ కొండ:
ఎందుకొదగదు? విశాఖ హార్బర్ వైపు నుంచి చూడండి. పైన లైట్‌హౌస్, కింద రాళ్ల మీద తెల్లగా నురగ, ఆ కొండను ఆనుకునే ఓడలు ఛానెల్లోకి మళ్లుతాయి. దక్షిణం నుంచి వచ్చే కెరటాలకు అది అడ్డు నిలిచింది కాబట్టే 1933లో తెరిచిన రేవుకు ఆ చోటు కుదిరింది. మొనగాడి పనే చేస్తోంది. డాల్ఫిన్ నోస్ అని పేరు పెట్టినవాళ్లకు ముక్కు కనబడింది, నాకు మొన కనబడుతుంది.

లంకవాసి:
మా అంతర్వేదిని మరిచారు. గంగాయమునల నడిమి నేలకు కూడా అంతర్వేది అనే పేరు. ఇక్కడ స్థలపురాణం బ్రహ్మ యాగం చేసిన వేది అంటుంది గానీ, వశిష్ఠ గోదావరి ఒకవైపు, సముద్రం ఒకవైపు ఉన్న చోటికి ఆ పేరు ఊరికే నిలవదని నా నమ్మకం. సంగమం దగ్గరి ఇసుకగట్టును అన్నాచెల్లెళ్ల గట్టు అంటాం. సముద్రపు ఒడ్డును చెప్పే చెలియలికట్ట అనే మాటకు, దీనికి చుట్టరికం ఉందని నేననుకుంటాను.

వారివర్గం:
చెలియలికట్ట అనగానే సంస్కృతంలో వేల. వేల అనగానే కాళిదాసు. రఘువంశంలో పుష్పకం మీంచి రాముడు సీతకు చూపిస్తాడే!

"దూరాదయశ్చక్రనిభస్య తన్వీ
తమాలతాలీవనరాజినీలా
ఆభాతి వేలా లవణామ్బురాశే-
ర్ధారానిబద్ధేవ కలఙ్కరేఖా"

ఇనపచక్రం అంచున పట్టిన మాలిన్యపు గీతలా తీరం. అంత ఎత్తునుంచి చూస్తే మొనలూ ముక్కులూ కలిసిపోయి ఒక్క సన్నని నల్లగీత మిగిలింది. తన్వీ అన్న ఒక్క విశేషణంతో దూరమంతా చెప్పేశాడు.

ప్రతీపం:
శ్లోకం అద్భుతం, కాదనను. కానీ వేలకు అమరుడు మొదట చెప్పింది తీరం కాదు: "అబ్ధ్యమ్బువికృతౌ వేలా". సముద్రజలంలో కలిగే మార్పు, అంటే పోటు. ఆ నల్లగీత నీటిదెందుకు కాకూడదు?

వారివర్గం:
పోటు మీద తాడిచెట్లు మొలవవు గదండీ. తమాలతాలీవనరాజి ఎక్కడుంది? ఒడ్డునే.

లంకవాసి:
ఆ తమాలం ఏ చెట్టో ముందు తేల్చండి. కానుగ అని ఒకరు, చీకటిమాను అని ఒకరు అంటారు. మా తీరంలో నల్లగా కనబడేవి మడచెట్లే.