గ్రీన్ కార్డుకు 7 శాతం పరిమితి ఎత్తేస్తే చాలా?

ప్రశ్న – గోదారిగట్టు
అమెరికా ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు 1,40,000. వేరేవాళ్లు వాడుకోనివి మిగిలితే తప్ప, ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా 7 శాతం దాటదు. 140 కోట్లమంది ఉన్న మనకూ, ఐస్‌లాండ్‌కూ ఒకటే గీత. సమానత్వం కోసం పెట్టిన నియమం ఇలా ఎందుకు బెడిసికొట్టింది? ఎత్తేస్తే సరిపోతుందా?

జవాబు – పాతఫైలు
ఆ గీత మంచి ఉద్దేశంతోనే పుట్టిందండీ. 1924 చట్టం ఆసియావాళ్లకు దాదాపుగా తలుపులు మూసేసింది. 1946లో తెరిచినా భారతీయులకు ఏడాదికి 100 మందే. ఆ జాతి కోటాలను 1965లో రద్దు చేశారు. ఇప్పటి 1,40,000, 7 శాతం లెక్కలు 1990 చట్టానివి. చిక్కల్లా హెచ్‌-1బితో వచ్చింది. అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే తాత్కాలిక వీసా అది. ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. దానికి దేశాలవారీ పరిమితే లేదు, అందుకే మనవాళ్లు ఎక్కువగా వచ్చి గ్రీన్ కార్డు వరసలో ఇరుక్కుపోయారు. లోపలికి రావడానికి సింహద్వారం, స్థిరపడడానికి దొడ్డిగుమ్మం!

పరిమితి ఒక్కటే ఎత్తేస్తే వరసలో చోట్లు మారతాయి గానీ వరస తరగదు. మనవాళ్లు ముందుకు జరిగితే బ్రెజిల్ ఇంజినీరు వెనక్కి పోతాడు. 2019లో ప్రతినిధుల సభ 365–65తో ఈ పరిమితి ఎత్తేసే బిల్లు ఆమోదించింది, 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెంటికీ పొత్తు కుదరక చట్టం కాలేదు. నన్నడిగితే ముందు మార్చాల్సింది వేరే ఉంది. ఆ 1,40,000లో భార్యాభర్తలనూ పిల్లలనూ కూడా లెక్కేస్తారు, సగానికి పైగా వాళ్లకే పోతాయి. కుటుంబానికి ఒకే నంబరు తీసుకుంటే ఎవరినీ వెనక్కి నెట్టకుండానే వరస రెట్టింపు వేగంతో కదులుతుంది.

జవాబు – లెక్కలపలక
చట్టం మారేలోగా రెండు విషయాలు చూసుకోండి. చూసేది పుట్టిన దేశాన్నే, పౌరసత్వాన్ని కాదు. కెనడా పాస్‌పోర్టు తీసుకున్నా వరస మారదు. కానీ మీ భార్య గానీ భర్త గానీ కువైట్‌లో పుట్టి ఉంటే ఇద్దరూ ఆ దేశం లెక్కలోకి వెళ్లొచ్చు. గల్ఫ్‌లో పుట్టిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. పిల్లలు పుట్టిన చోటు మాత్రం తల్లిదండ్రులకు పనికిరాదు.

రెండోది, 21 ఏళ్లు నిండే పిల్లలు. లెక్కలో 21 దాటితే మీతోపాటు వాళ్లకు గ్రీన్ కార్డు రాదు. మీ వరస వచ్చిన రోజున పిల్ల వయసులోంచి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం మామూలుగా మీ కంపెనీ వేసే పిటిషన్) పరిశీలనలో ఉన్న కాలాన్ని తీసేస్తారు. వయసు 21 ఏళ్ల 5 నెలలు, ఐ-140కి 8 నెలలు పట్టింది అనుకుంటే 20 ఏళ్ల 9 నెలలే లెక్క. ప్రీమియం, అంటే త్వరగా తేల్చడానికి అదనపు ఫీజు, కట్టి కొద్దిరోజుల్లో తెప్పించుకుంటే తీసేయడానికి ఏమీ మిగలదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పైగా వరస వచ్చిన ఏడాదిలోగా పిల్లల గ్రీన్ కార్డు దరఖాస్తు పడాలి.